పారాచూట్ కొనడానికి ముందు దిగడం నేర్చుకోండి

ప్రశ్న: అయ్యా, మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నాకు 26 ఏళ్ళు, బరువు 58 కిలోలు, బెంగళూరులో ఉద్యోగం. పోయిన చలికాలంలో హర్యానాలోని నార్నౌల్ వెళ్ళి శిక్షకుడితో కలిసి టాండెమ్ జంప్ చేశాను. దిగేటప్పుడు తొందరపడి కాలు కింద పెట్టడంతో ఎడమ చీలమండ బెణికింది. అయినా ఒంటరిగా దూకడం నేర్చుకోవాలన్న కోరిక పోలేదు. విదేశంలో ఏదైనా కోర్సులో చేరాలనుకుంటున్నాను. ఇంతలో ఒక పరిచయస్థుడు తాను వాడిన 135 చదరపు అడుగుల పారాచూట్ సెట్టును 70 వేల రూపాయలకు ఇస్తానంటున్నాడు. కొనవచ్చునా? వీడియోలు చూసి ఇంట్లోనే మడవడం నేర్చుకోవచ్చునా? కాళ్ళు విరగకుండా దిగడం ఎలా? మా ఊరి చుట్టూ ఎంతో ఖాళీ నేల ఉంది, కోర్సు అయ్యాక ఇక్కడే దూకే వీలుంటుందా? తెరుచుకోకపోతే ఏమిటన్నది మా నాన్నగారి భయం. ఆడపిల్లకెందుకీ పని అన్నది బంధువుల మాట. దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో పారాచూట్ గురించి ఎంతో రాశారు, చీలమండ గురించి ఒక్క వాక్యం రాశారు. నేను ఆ ఒక్క వాక్యం దగ్గరే ఎక్కువసేపు ఆగాను. వైమానిక దళంలో పారాచూట్లను మడిచి, తనిఖీ చేసి, కార్డు మీద సంతకం పెట్టే విభాగంలో పనిచేసి ఇప్పుడు కడపలో స్థిరపడిన నన్ను, ఈ విషయం తెలిసిన ప్రతివారూ మొదట అడిగేది మీ నాన్నగారి ప్రశ్నే. దానికి జవాబు చెబుతాను. కానీ ఈ క్రీడలో ఎముకలు విరిగేది ఎక్కువగా చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేలకు చివరి 300 అడుగుల లోపే. అమెరికాలో 2023లో సుమారు 36 లక్షల 50 వేల జంప్‌లు జరిగితే పదిమంది మరణించారని అక్కడి పారాచూట్ సంఘం లెక్క చెప్పింది. ప్రాణం పోవడం అంత అరుదు. చీలమండ, మోకాలు, నడుము దెబ్బతినడం అంత అరుదు కాదు. అందుకే మీరు డబ్బూ సమయమూ శ్రద్ధా దేనిమీద ముందు పెట్టాలని నన్ను అడిగితే, దిగడం మీద అంటాను.

టాండెమ్‌లో ప్రయాణికురాలు శిక్షకుడి ముందు కట్టబడి ఉంటుంది కనుక, కాళ్ళు వేలాడితే నేలను మొదట తాకేవి ఆమె పాదాలే. ముందుకు సాగుతున్న ఇద్దరి బరువు ఆ పాదాల మీద పడుతుంది. మోకాళ్ళు పైకెత్తి, తొడల కింద చేతులు వేసి పట్టుకోమని శిక్షకులు విమానం ఎక్కకముందే పదేపదే సాధన చేయించేది ఇందుకే. నేల దగ్గరపడగానే కాలు చాచాలనిపించడం సహజం. ఆ సహజ స్పందనను సాధనతో మార్చుకోవడమే రాబోయే కోర్సులో మీ ముఖ్యమైన పని. అంతకంటే ముందు చీలమండను ఎముకల వైద్యుడికి చూపించండి. ఆ ఒక్క కాలి మీదే నిలబడి మడమ ఎత్తి దించినా నొప్పి లేదన్న స్థితి వచ్చాకే కోర్సుకు డబ్బు కట్టండి. దూకేటప్పుడు చీలమండను కప్పే బూట్లు వేసుకోండి, కానీ లేసులు తగిలించే ఇనుప కొక్కేలున్నవి వద్దు, వాటిలో తాళ్ళు చిక్కుకుంటాయి.

ఇక ఆ 70 వేల సెట్టు సంగతి. కొనవద్దు. మొదటి కారణం దాని పరిమాణం. మీ బరువు 58 కిలోలకు హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీల అమరిక), రెండు పారాచూట్లు, హెల్మెట్, దుస్తులు కలిపి మరో 11 కిలోలు వేసుకుంటే 69 కిలోలు, అంటే దాదాపు 152 పౌండ్లు అవుతుంది. ఒక్కో చదరపు అడుగు గుడ్డ ఎన్ని పౌండ్లు మోస్తున్నదో లెక్కించి పారాచూట్‌ను ఎంపిక చేయడం ఈ క్రీడలో పద్ధతి. 135 చదరపు అడుగులకు మీ లెక్క సుమారు 1.13 వస్తుంది. శిక్షణ కేంద్రంలో మీకు ఇవ్వగల 210 చదరపు అడుగులదానికి 0.72 వస్తుంది. నేర్చుకునేవారికి ఈ అంకె ఒకటికి బాగా దిగువనే ఉండాలి. భారం పెరిగినకొద్దీ ముందుకు సాగే వేగమూ, కిందికి దిగే వేగమూ, మలుపు తిరిగినప్పుడు కోల్పోయే ఎత్తూ, మూడూ పెరుగుతాయి. పైగా చిన్న పారాచూట్‌కు తాళ్ళు పొట్టిగా ఉంటాయి కనుక, అంతే భారమున్న పెద్దదానికన్నా చటుక్కున తిరుగుతుంది. భయంతో ఒక చేతిని కాస్త ఎక్కువ లాగిన విద్యార్థిని పెద్ద పారాచూట్ క్షమిస్తుంది, చిన్నది క్షమించదు.

రెండో కారణం ధర. ప్రమాద సమయంలో రిజర్వ్ (అత్యవసరానికి ఉంచే రెండో) పారాచూట్‌ను తనంతట తానే తెరిచే ఏఏడీ అనే పరికరం కొత్తది ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది. మొత్తం సెట్టు 70 వేలకు వస్తున్నదంటే ఆ పరికరం అందులో లేకపోవచ్చు, లేదా దాని ఆయుష్షు తీరిపోయి ఉండవచ్చు. గుడ్డ ఎన్ని జంప్‌లు చూసింది, తాళ్ళు ఎప్పుడు మార్చారు, రిజర్వ్‌ను చివరిసారి ఎవరు మడిచారు అన్న వివరాలు సెట్టుతోపాటు వచ్చే కార్డులో ఉండాలి. కార్డు లేని పారాచూట్‌ను మా విభాగంలో బల్ల మీదికే రానిచ్చేవాళ్ళం కాదు. నైలాన్‌కు ఎండ శత్రువు. అతినీలలోహిత కిరణాలు తగిలిన గుడ్డ రంగు వెలవకుండానే బలం కోల్పోగలదు. బ్యాటరీ ఆమ్లం సోకినా అంతే. ఇవి కొనేవారి కంటికి కనిపించే లోపాలు కావు, పారాచూట్లను మడిచి తనిఖీ చేయడంలో శిక్షణ పొందిన రిగ్గర్ గుడ్డను పరిచి, వెలుతురులో చూసి, లాగి పరీక్షించి తేల్చవలసినవి. హార్నెస్ కూడా తొడిగేవారి ఒంటి కొలతను బట్టి కుట్టేది. వదులుగా ఉన్న హార్నెస్ తెరుచుకునే క్షణంలో జారి, పిడులు చేతికి అందని చోటికి పోతాయి. లైసెన్సు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం, శిక్షణ కేంద్రం సామగ్రినే అద్దెకు వాడండి.

మడవడం గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే దీనిమీద రెండు తప్పుడు అభిప్రాయాలు ఉన్నాయి. మడత ఒక్క అంగుళం తప్పినా పారాచూట్ తెరుచుకోదన్నది ఒకటి. వీడియో చూసిన ఎవరైనా మడవగలరన్నది రెండోది. ఈ రెండూ ఎందుకు తప్పో తెలియాలంటే దాని నిర్మాణం తెలియాలి. ఇప్పుడు క్రీడలో వాడే పారాచూట్‌కు మూలం డొమినా జాల్బర్ట్ 1960లలో రూపొందించిన రెక్క. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్య నిలువు గోడలు ఉంటాయి. ముందు మూతులు తెరిచి ఉంటాయి, వెనుక కుట్టేసి ఉంటుంది. దిండు గలీబులను ఏడింటినో తొమ్మిదింటినో పక్కపక్కన కుట్టి గాలికి ఎదురుగా పట్టుకున్నట్టు ఊహించుకోండి. గాలి మూతుల్లో దూరి ఉబ్బించగానే అది రెక్క ఆకారం తెచ్చుకుని, కింద పడడంతోపాటు ముందుకు ఎగరడం మొదలుపెడుతుంది. అటువంటి నిర్మాణం తెరుచుకోవాలనే చూస్తుంది. మడతలు కాస్త వంకరగా ఉన్నా అది తెరుచుకుంటుంది. మడిచేవారి అసలు పని దాన్ని తెరిపించడం కంటే, మెల్లగా, తిన్నగా, తాళ్ళు చిక్కుపడకుండా తెరుచుకునేలా చూడడం.

అందుకని మడిచేటప్పుడు అందానికి కాక కొన్ని విషయాలకు ప్రాణంతో సమానమైన శ్రద్ధ ఇవ్వాలి. తాళ్ళన్నీ రైజర్ల (తాళ్ళను హార్నెస్‌కు కలిపే పట్టీల) నుంచి గుడ్డ దాకా ఒకదాని మీదుగా ఒకటి పోకుండా తిన్నగా ఉండాలి. నేర్చుకునేవారు హార్నెస్ దగ్గర మొదలుపెట్టి తాళ్ళను వేళ్ళ మధ్య పట్టుకుని గుడ్డదాకా నడిచి చూసేది ఇందుకే. రెక్కను తిప్పడానికీ, వేగం తగ్గించడానికీ లాగే బ్రేకు తాళ్ళను సగం లాగిన స్థితిలో వాటి వాటి చోట బిగించాలి. ఒకవైపు బిగించి రెండోవైపు మరిచిపోతే తెరుచుకున్న వెంటనే పారాచూట్ గిరగిరా తిరుగుతుంది. నాలుగు మూలల రింగులతో తాళ్ళ మీద జారే చతురస్రపు గుడ్డను స్లైడర్ అంటారు. అది పూర్తిగా పైకి, గుడ్డను ఆనుకుని ఉండాలి. తెరుచుకునేటప్పుడు అది గాలికి ఎదురొడ్డి నెమ్మదిగా కిందికి జారుతుంది కనుకనే రెక్క ఒక్కసారిగా విచ్చుకోకుండా కొన్ని సెకన్లు తీసుకుంటుంది. స్లైడర్ కిందికి జారి ఉండగా మడిస్తే, గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్న మనిషి ఒక్క కుదుపుతో ఆగుతుంది. ఆ కుదుపుకు మెడ, వెన్ను దెబ్బతిన్నవాళ్ళున్నారు.

తర్వాత తాళ్ళను, గుడ్డను పెట్టే లోపలి సంచికి తగిలించిన రబ్బరు బ్యాండ్లలో మడతలుగా దోపడం. రబ్బరు వదులైపోతే సంచి బయటికి రాగానే తాళ్ళన్నీ ఒక్కసారి జారిపోతాయి, గుడ్డ తాళ్ళు సాగకముందే బయటపడుతుంది, మళ్ళీ అదే కుదుపు. తెగేలా ఉన్న రబ్బరు బ్యాండును ఇంకొక్కసారికి పనికొస్తుందని ఉంచడం నేను ఎన్నడూ అంగీకరించని అలవాటు. దాని ఖరీదు ఏపాటిది? ఇక, ముందుగా గాలిలోకి విసిరే చిన్న గుడ్డను పైలట్ చూట్ అంటారు. పారాచూట్ తెరుచుకున్నాక అది ముడుచుకుపోయేలా లోపల ఒక తాడు ఉంటుంది. ప్రతిసారీ మడిచేటప్పుడు ఆ తాడును తిరిగి సవరించాలి. పైలట్ చూట్‌ను పారాచూట్‌కు కలిపే పట్టీకి ఉన్న చిన్న కిటికీలో రంగు తాడు కనిపిస్తే సవరించినట్టు, కనిపించకపోతే మరిచినట్టు. మరిచి దూకితే పైలట్ చూట్ ముడుచుకునే ఉంటుంది, వీపు మీది సంచి నుంచి ఏదీ బయటికి రాదు. చివరిగా వీపు మీది బయటి సంచిని మూసే లూప్, అంటే చిన్న తాడు ఉచ్చు. దారాలు లేచిపోయి పల్చబడిన లూప్ విమానం తలుపు దగ్గరే తెగి, అనుకోని చోట పారాచూట్ తెరుచుకోవచ్చు. అది విమానం తోకకు చుట్టుకుంటే లోపల ఉన్నవారందరికీ ప్రమాదమే.

ఇవన్నీ వీడియోలో కనిపిస్తాయి, కానీ చేతికి రావు. గుడ్డలోని గాలిని మోకాళ్ళతో నొక్కి బయటికి పంపుతూ, జారిపోయే ఆ గుడ్డను ఎస్ ఆకారంలో మడిచి సంచిలో పెట్టడం తెలిసినవారి ఎదుట, వారు తప్పు చూపిస్తుండగా నేర్చుకోవలసిన పని. మొదట గంట పట్టినా సిగ్గుపడనక్కరలేదు. అమెరికా సంఘం నిబంధనల ప్రకారం 25 జంప్‌ల తర్వాత వచ్చే తొలి లైసెన్సు కావాలంటే ప్రధాన పారాచూట్‌ను సహాయం లేకుండా మడిచి చూపించాలి. కోర్సులోనే మీకు ఆ అవకాశం వస్తుంది, ఇంట్లో తొందరపడవలసిన పని లేదు. మడిచేటప్పుడు మాట్లాడవద్దు. మధ్యలో ఫోను వచ్చి లేచివెళితే, తిరిగి వచ్చాక ఆగిన చోట నుంచి కాక మొదటి నుంచి చూసుకోండి. మా విభాగంలో ఇది నియమం, మీరు దీన్ని అలవాటుగా చేసుకోండి. రిజర్వ్‌ను మాత్రం మీరు ముట్టుకోకూడదు. దాన్ని లైసెన్సు ఉన్న రిగ్గరే మడిచి, సీలు వేసి, కార్డు మీద తేదీ రాయాలి. వాడినా వాడకపోయినా అమెరికాలో దాన్ని 180 రోజులకొకసారి విప్పి, తనిఖీ చేసి, తిరిగి మడవాలి.

మీ నాన్నగారికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ప్రధాన పారాచూట్ తెరుచుకోకపోవడమో, తెరుచుకున్నా తాళ్ళు మెలిపడి అదుపు తప్పడమో అప్పుడప్పుడు జరుగుతుంది. అది జరుగుతుందని ఒప్పుకునే ఈ క్రీడలో సామగ్రిని తయారుచేశారు. విద్యార్థులు మిగతావారికంటే ఎత్తులో, సాధారణంగా 5,000 అడుగులకు పైనే తెరుస్తారు. తెరిచాక తలెత్తి చూసి, రెక్క చతురస్రంగా ఉన్నదా, స్థిరంగా ఉన్నదా, బ్రేకులు లాగితే మాట వింటున్నదా అని పరీక్షిస్తారు. 2,500 అడుగులకు దిగేలోపు మాట వినకపోతే ఇక ఆలోచన లేదు, కుడిచేతి వైపు పిడి లాగి దాన్ని వదిలించుకుని, ఎడమ పిడి లాగి రిజర్వ్ తెరవాలి. ఆ వదిలించుకోవడం తేలిగ్గా జరిగేలా చేసినది, బిల్ బూత్ అనే అమెరికన్ 1970లలో రూపొందించిన మూడు రింగుల అమరిక. మనిషి బరువంతా వేలాడుతున్నా, ఒక రింగు నుంచి మరొక రింగుకు భారం తగ్గుతూ వచ్చి, చివర ఒక సన్నని లూప్‌ను పట్టి ఉంచడానికి కొద్దిపాటి బలం చాలు, అందుకే కొద్దిపాటి బలంతోనే విడిపోతుంది. స్పృహ తప్పినవారి కోసం ఏఏడీ ఉన్నది. 1991లో జర్మనీలో హెల్ముట్ క్లోత్ తెచ్చిన సైప్రెస్ వీటిలో పేరు పొందినది. నిపుణుల కోసం చేసిన దాని నమూనా, సుమారు 750 అడుగుల ఎత్తులో మనిషి ఇంకా సెకనుకు 35 మీటర్ల వేగం దాటి పడుతుంటే రిజర్వ్ సంచిని మూసిన లూప్‌ను కోసేస్తుంది. వీటన్నిటి మీద మీరు చేయవలసినది ఒక్కటే ఉంది. తొడిగేముందు, విమానం ఎక్కేముందు, దూకేముందు, మూడుసార్లు మూడేసి విషయాలు చూసుకోవడం. మూడు రింగులు సరిగా ఉన్నాయా, ఛాతీ పట్టీ, రెండు కాళ్ళ పట్టీలు సరిగా బిగిశాయా, మూడు పిడులు వాటి వాటి చోట ఉన్నాయా. ఛాతీ పట్టీని బకిల్‌లో తప్పుదారిన దూర్చినవాళ్ళు పారాచూట్ తెరుచుకున్న క్షణంలో హార్నెస్‌లోంచి జారిపోయిన ఘటనలు ఉన్నాయి. శిక్షకుడు చూశాడన్న ధైర్యంతో ఈ తనిఖీని వదలవద్దు.

ఇక దిగడం. పారాచూట్ తెరుచుకున్న వెంటనే చాలామంది విద్యార్థులు పని అయిపోయిందనుకుని నాలుగు దిక్కులూ చూస్తూ ఆనందిస్తారు. చూడండి, అందుకే కదా ఎక్కింది. కానీ దిగే చోటు, గాలి దిక్కు ఆ ఎత్తులోనే గుర్తుపట్టాలి. గాలి గుడ్డ ఎటు ఊగుతున్నదో, పొగ ఎటు పోతున్నదో, చెరువు నీటి మీద అలలు ఏ ఒడ్డు నుంచి లేస్తున్నాయో చూడాలి. అలలు లేని నునుపైన నీరు గాలి వచ్చే వైపు ఒడ్డున ఉంటుంది. సుమారు 1,000 అడుగుల దగ్గర గాలి వెంట, 600 దగ్గర దానికి అడ్డంగా, 300 దగ్గర దానికి ఎదురుగా తిరిగి, ఆ తర్వాత తిన్నగా సాగాలి. గాలికి ఎదురుగా దిగితే నేల మీద వేగం తగ్గుతుంది కనుక అది మంచిదే. అయితే ప్రమాదాలను పరిశీలించినవారంతా చెప్పేది మరొకటి ఉంది. 100 అడుగులలో ఉండగా గాలికి పక్కగా ఉన్నానని గుర్తొచ్చి, ఒక చేతిని గట్టిగా లాగి తిప్పబోతే రెక్క వాలి, మనిషి లోలకంలా బయటికి ఊగి, పారాచూట్ తిరిగి నిలదొక్కుకునేలోపే నేల వచ్చేస్తుంది. బాగా తెరుచుకున్న పారాచూట్ కింద ప్రాణాలు పోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. కనుక మొదటి నియమం, నేలను తాకే క్షణంలో రెక్క సమంగా, తిన్నగా సాగుతూ ఉండాలి. రెండోది, చెట్టునో గోడనో తప్పించుకోవాలి. మూడోది, బ్రేకులను కనీసం సగం వరకైనా రెండు చేతులతో సమంగా లాగాలి. నాలుగోది, దొర్లే పద్ధతికి సిద్ధంగా ఉండాలి. గాలికి ఎదురుగా ఉండడం ఈ నాలుగింటి తర్వాతి మాట. పక్కగాలితో సమంగా దిగినవారు మట్టి దులుపుకుని లేస్తారు.

బ్రేకులను పూర్తిగా కిందికి లాగి వేగాన్ని చంపడాన్ని ఫ్లేర్ అంటారు. విద్యార్థి పారాచూట్‌కు ఇది 10 నుంచి 12 అడుగుల ఎత్తులో మొదలవ్వాలి. పాదాల కిందికే చూస్తుంటే నేల ఎదురొచ్చి మీద పడుతున్నట్టు అనిపించి, చేయి ముందే లాగేస్తుంది. చూపును ముందుకు ఏటవాలుగా, నేల మీద కొంత దూరాన నిలపండి. ఎత్తు అంచనా అప్పుడే కుదురుతుంది. ఒకవేళ ముందే లాగేశారనుకోండి, చేతులను పైకి వదలవద్దు. వదిలితే పారాచూట్ ముందుకు దూకి మిమ్మల్ని నేలకు విసురుతుంది. ఎక్కడ లాగారో అక్కడే పట్టి ఉంచి, నేల దగ్గరపడ్డాక మిగతాది లాగండి. కోర్సుల్లో విద్యార్థులకు రేడియోలో ఈ సూచన అందుతుంది, కానీ రేడియో పనిచేయకపోయినా చేయగలిగేలా మీకు ముందే వచ్చి ఉండాలి.

మీ చీలమండకు నిజమైన రక్షణ ఆ దొర్లే పద్ధతి. సైన్యంలో పారాట్రూపర్లకు ఆగ్రాలో విమానం చూపించడానికి ముందు నేల మీద దీన్ని విసుగొచ్చేదాకా చేయిస్తారు, ఎందుకంటే వారి గుండ్రటి పారాచూట్లకు ఫ్లేర్ అన్నదే లేదు. పాదాలు, మోకాళ్ళు అతికించినట్టు కలిపి ఉంచాలి. మోకాళ్ళు కొద్దిగా వంచాలి. మడమలతో కాక పాదం ముందు భాగంతో నేలను తాకి, అక్కడినుంచి పిక్క పక్క, తొడ పక్క, పిరుదు, వీపు పక్క భాగం, ఈ వరుసలో దొర్లిపోవాలి. ఒక్క ఎముక మీద పడవలసిన దెబ్బ అప్పుడు ఒంటినిండా పంచబడుతుంది. చేతులు చాచి నేలకు ఆనించకూడదు, మణికట్టు విరుగుతుంది. కాళ్ళు ఎడంగా ఉంటే బరువంతా మొదట తాకిన ఒక్క కాలి మీదే పడుతుంది. మీ చీలమండ నయమయ్యాక ఇంటి దగ్గర ఇసుకలోనో, పరుపు మీదో, అడుగు ఎత్తు అరుగు మీదనుంచి రోజూ కొద్దిసేపు ఇది చేయండి. పారాచూట్‌కు పెట్టాలనుకున్న 70 వేల కంటే ఈ సాధన మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది. దిగి లేచాక గాలి బలంగా ఉంటే పారాచూట్ మిమ్మల్ని ఈడ్చుకుపోవచ్చు. ఒకవైపు బ్రేకు తాడును చేతికి వచ్చినంత లాగుతూ, పారాచూట్ వైపు పరుగెత్తితే అది చప్పబడుతుంది.

మీ ఊరి చుట్టూ ఉన్న ఖాళీ నేల గురించి అడిగారు. కల్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు ఆ విశాలమైన వేరుశనగ చేలను చూసిన ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. కానీ పై నుంచి చూస్తే అది అంత ఖాళీ నేల కాదు. బోరుబావుల కోసం చేను చేనుకూ కరెంటు తీగలు పోయాయి. పైనుంచి తీగ కనిపించదు, స్తంభం మాత్రమే కనిపిస్తుంది. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నదనే అనుకుని దూరం జరగాలి. ఏ దారీ లేక తీగ వైపే పోతుంటే దానికి సమాంతరంగా దిగే ప్రయత్నం చేయాలి. చిక్కుకుంటే కరెంటు ఆపామని అధికారులు చెప్పేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకూడదు. రామగిరి కొండల మీదా ఇతరచోట్లా గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జూలై నెలల నైరుతి గాలి మన సీమలో అంత బలమైనది. విద్యార్థులకు గాలి గంటకు 14 మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే అమెరికా సంఘం నిబంధనల ప్రకారం దూకనివ్వరు. ఆషాఢంలో ఆ హద్దు మన దగ్గర తేలిగ్గా దాటిపోతుంది.

వేసవి మరొక రకం. మార్చి నుంచి మే వరకు మిట్టమధ్యాహ్నం మన చేలలో ఎర్రమట్టిని పైకి లేపుతూ తిరిగే సుడిగాలులను మీరు చిన్నప్పటినుంచీ చూసే ఉంటారు. నేల మీద నిలబడినవారికి అవి కళ్ళలో దుమ్ము కొడతాయి, అంతే. 50 అడుగుల ఎత్తులో గాలి పీడనంతో మాత్రమే ఆకారం నిలుపుకున్న రెక్క వాటిలో చిక్కితే ముడుచుకుపోవచ్చు, ముడుచుకుంటే మళ్ళీ విచ్చుకోవడానికి ఎత్తు లేదు. దుమ్ము లేపని సుడి కంటికి కనిపించదు కూడా. అందుకే వేడి ప్రదేశాల్లో అనుభవజ్ఞులు తెల్లవారి తొలి గంటల్లో దూకి, ఎండ ముదిరాక ఆపేసి, సాయంత్రం చల్లబడ్డాకే మళ్ళీ మొదలుపెడతారు. అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, అదే పారాచూట్ చల్లని ఉదయం కంటే వేగంగా నేలకు దిగుతుంది. చోటు పరంగా, కాలం పరంగా మన దగ్గర అనువైనవి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే ఉదయాలు. అయితే అప్పుడు కూడా సొంతంగా ఎక్కడపడితే అక్కడ దూకే వీలు లేదు. విమానం, పైలట్, గగనతలానికి అనుమతి, నేల మీద శిక్షకులు, అంబులెన్సు, ఇవన్నీ ఉన్న నిర్వాహకులు శిబిరం పెట్టినప్పుడే అది సాధ్యం. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో స్కైడైవింగ్‌ను కూడా చేర్చారు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో విమానాశ్రయం 2021లో మొదలైంది. మన ప్రాంతంలో ఒక శీతాకాల శిబిరం జరగాలని నేను మనసారా కోరుకుంటున్నాను. అంతవరకు పండుగల్లో మోటారు కట్టుకుని ఎగిరే పారామోటార్ వాళ్ళు ఎత్తుకు తీసుకెళ్ళి వదులుతామన్నా ఒప్పుకోవద్దు. వారి రెక్క నేల మీదే తెరుచుకుని పైకి లేచేది. విడిగా పడి గాలిలో తెరిచే సామగ్రి వేరు, దానికి శిక్షణ వేరు.

బంధువుల మాటకు రెండు పేర్లు చెబితే చాలు. రేచల్ థామస్ 1979లో మొదటిసారి దూకారు, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు, 2005లో పద్మశ్రీ అందుకున్నారు. పుణెకు చెందిన శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువం మీద దూకారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ క్రీడలో శరీర బలం కంటే క్రమశిక్షణ ఎక్కువ పని చేస్తుంది.

కోర్సు కోసం మనవాళ్ళు థాయ్‌లాండ్, దుబాయ్, స్పెయిన్ వంటి చోట్లకు వెళుతున్నారు. డబ్బు కట్టేముందు కొన్ని విషయాలు ఉత్తరంలో అడిగి, ఉత్తరంలోనే జవాబు తీసుకోండి. మొదటి జంప్‌లలో ఇద్దరు శిక్షకులు పక్కన ఉంటారా, దిగేటప్పుడు రేడియో ఇస్తారా, మీ బరువుకు ఏ పరిమాణపు పారాచూట్ ఇస్తారు, ఏఏడీ తప్పనిసరిగా ఉంటుందా, రిజర్వ్ చివరిసారి మడిచిన తేదీ కార్డు చూపిస్తారా, మడవడం నేర్పడం రుసుములో కలిసి ఉందా, గాలి వల్ల ఆగిన జంప్‌కు డబ్బు తిరిగి ఇస్తారా. వీటికి సూటిగా జవాబు చెప్పని చోటికి వెళ్ళకండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు స్కైడైవింగ్ అందులో వర్తిస్తుందో లేదో చదవండి, చాలా పాలసీలు దీన్ని మినహాయిస్తాయి. వారం రోజుల కోర్సు అని వారు చెప్పినా మీరు రెండు వారాల సెలవు పెట్టుకోండి. తిరుగు ప్రయాణపు టికెట్టు మర్నాటికే ఉన్నప్పుడు, గాలి బాగాలేదని శిక్షకుడు అన్నా ఎలాగైనా ఈ ఒక్కటీ పూర్తిచేసి వెళ్ళాలని మనసు తొందరపెడుతుంది.